బావగారి యూనిట్

ఏ హద్దూ దాటనివ్వడని మా కంట్రోల్ రూములో ఆయన్ని అందరం లిమిట్ల మాస్టారు అనేవాళ్ళం. పంతొమ్మిదేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని, ఆయన సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఫోన్లో ఏ ఆదేశం ఇచ్చినా అవతలివాళ్ళు దాన్ని తిరిగి చెప్పాలన్నది మా పనిలో నియమం. ఈయనకది ఒంటబట్టేసింది. ఇంట్లో కూతురు పాలు తెమ్మన్నా, "రెండు పాకెట్లు పాలు, సరే" అని తిరిగి చెప్పిగానీ గడప దాటడు.

ఏ విద్యుత్ కేంద్రం ఎంత ఉత్పత్తి చేయాలో చెప్పడం, ఏ ఊళ్ళోనూ వోల్టేజీ హద్దు దాటకుండా చూడడం మా ఉద్యోగం. చవకగా ఇచ్చేవాటిని ముందు నడపాలి, ఖరీదైనవాటిని ఆపాలి. చవక నుంచి ఖరీదుకి వేసిన ఆ జాబితాలో అట్టడుగున ఒక ముసలి బొగ్గు యూనిట్ ఉండేది. కానీ అది పొడవాటి లైను చివర, ఒక పెద్ద ఊరి పక్కనుంది. కరెంటును ఎంత దూరం నుంచైనా తెచ్చుకోవచ్చుగానీ, వోల్టేజీని నిలబెట్టే దన్ను దగ్గర్నుంచే రావాలి. అందుకే మాస్టారు రోజూ కారణం రాసిపెట్టి మరీ దాన్ని తక్కువలో నడిపించేవాడు. ఒకసారి ఆపితే మళ్ళీ అందుకోవడానికి పది గంటలు పడుతుంది.

చిక్కల్లా ఒకటే. అక్కడ బాయిలర్ చూసేదీ, మా ఫోన్లు ఎత్తేదీ మాస్టారి అక్క మొగుడు.

కొత్తగా వచ్చిన పెద్దసారు ఒకరోజు మీటింగులో ఆ జాబితా చూసి, "ఏం మాస్టారూ, బావగారి బాయిలర్ చల్లారితే అక్కయ్యగారు అన్నం పెట్టరా?" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, నా నోరు పడిపోను. మాస్టారి మొహం చిన్నబోయింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆయన ఫోనెత్తి యూనిట్ ఆపమన్నాడు.

"ఆపమంటావా? సాయంత్రానికి అక్కర్లేదురా?" అన్నాడు బావ.

"ఆపండి. తిరిగి చెప్పండి."

"తొమ్మిదింటికి యూనిట్ ఆపాలి. సరే."

"అదేంటి మాస్టారూ, అనేవాళ్ళు లక్ష అంటారు, పట్టించుకుంటారా?" అని కసిరాను. ఆయన ఆపిన సమయాన్ని రిజిస్టర్లో రాసుకున్నాడు. మధ్యాహ్నానికి మనసు మార్చుకున్నా లాభం లేదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఆరున్నరకి ఊరంతా దీపాలేసుకుంది. రెండొందల ఇరవై ఉండాల్సిన వోల్టేజీ అంకె రెండొందల ఐదుకి జారింది, తర్వాత రెండొందలకి. నూట తొంభై ఎనిమిది హద్దు. మాస్టారు ఉన్న ఉపాయాలన్నీ వాడేశాడు. వేరే దారి లేక, ఆసుపత్రి లైను మాత్రం వదిలి, సగం ఊరికి కరెంటు తీయించాడు. సగం ఊరు రెండున్నర గంటలు చీకట్లో కూర్చుంది.

విచారణ పెట్టారు. విచిత్రమేమిటంటే, పెద్దసారే మెత్తగా మాట్లాడాడు. "జాబితా ప్రకారమే కదా ఆపారు. వాడకం అంచనాకి మించిందని రాసెయ్యండి. మీ కుర్చీకి ఢోకా ఉండదు."

"రాసెయ్యండి మాస్టారూ, మీ కాళ్ళకు దండం పెడతా," అన్నాను.

"మించలేదమ్మా. అంచనా వేసింది నేనే," అన్నాడు.

కాగితం మీద రెండే వాక్యాలు రాశాడు. 'ఆ యూనిట్ అవసరమని తెలిసే ఆపాను. బావ కోసం నడుపుతున్నానని నలుగురూ అనుకుంటారని ఆపాను.' చదివి నాకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. వారం తిరక్కుండా ఆయన్ని పాత ఫైళ్ళ గదికి మార్చారు.

ఆయన కుర్చీలోకి ఒక కుర్రాడొచ్చాడు. మొదటిరోజే జాబితా చూసి, "ఈ బొగ్గు యూనిట్‌ను ఆపకూడదు సార్, వోల్టేజీ పడిపోతుంది," అన్నాడు. పెద్దసారు తలూపి వెంటనే సంతకం పెట్టాడు. ఆ కుర్రాడికి అక్కడ చుట్టాలెవరూ లేరు.