బక్ ఫోర్క్ పాత దారి

గని మూతబడి, అందులో ఆఫీసు ఉద్యోగం పోయాక, ఓపల్ స్టిడమ్ నలభై దాటిన వయసులో కమ్యూనిటీ కాలేజీలో చేరింది. రెండేళ్ల జీఐఎస్ కోర్సు. కంప్యూటర్లో ఒక మ్యాపు మీద ఇంకో మ్యాపు పరిచి, ఎక్కడ ఇళ్లున్నాయో, ఏ వాగు ఎటు పారుతుందో చూపించే చదువు. తమ్ముడు డార్విన్ ఆమెను ఏడిపించని రోజు లేదు. "బళ్లో కెంటకీ మ్యాపు గీయమంటే కోడికాలు గీశావు. నీకు డిగ్రీ ఎవడిస్తాడక్కా?" అనేవాడు. అంటూనే, ఆమె కారు మొరాయించినప్పుడల్లా తన ట్రక్కులో కాలేజీ దగ్గర దింపేవాడు.

వేసవి క్లాసులు నడుస్తుండగా కొండల మీద కుండపోతగా వాన కురిసింది. తెల్లవారేసరికి బక్ ఫోర్క్ వాగు ఇళ్లలోకి వచ్చేసింది. పక్కింటి ముసలమ్మ ఐసీని డార్విన్ భుజాన వేసుకుని గట్టెక్కించాడు. ఆవిడకు ఊపిరి ఆడటం లేదని, ఆక్సిజన్ సిలిండర్ కోసం మళ్లీ దిగాడు. ఇక తిరిగి రాలేదు.

గాలింపు బృందాలు హైస్కూలు జిమ్‌లో మకాం వేశాయి. ఓపల్‌కు పాఠాలు చెప్పే టీచరు లినెట్ గేహార్ట్ తన విద్యార్థులను తెచ్చి వాళ్లకు మ్యాపులు చేసిపెడుతోంది. ఓపల్‌ను మాత్రం ఇంటికి వెళ్లమంది.

"ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది మేడం. ఏదో ఒక పనివ్వండి."

పని ఇచ్చారు. ఇప్పటి వాగుకు ఇరువైపులా లోయను గళ్లుగా విడదీశారు. ఒక గడిలో వెతకడం అయిపోయిందని చెబితే, ఓపల్ దానికి ఆకుపచ్చ రంగు వేయాలి. మొదట్లో రంగు వేసిన ప్రతిసారీ, శవం దొరకలేదంటే బతికే ఉంటాడని ఆశపడేది. పోనుపోను ఆ ఆశ ఎండిపోయింది. శవమైనా దొరికితే చాలని కోరుకుంటున్న తనను చూసి తనకే భయం వేసింది. అమ్మ ఫోన్ చేసి, ఎక్కడిదాకా చూశారని అడిగేది. ఓపల్ ఆకుపచ్చ గళ్లు లెక్కపెట్టి చెప్పేది.

చివరికి గళ్లన్నీ నిండాయి. గాలింపు నడిపిస్తున్న వోర్లీ, బృందాలు పై లోయకు వెళ్లాలని ప్రకటించాడు. ఆ మధ్యాహ్నం ఓపల్ దిక్కుతోచక, రైలు పట్టాల కోసం కట్ట పోయకముందు నాటి పాత మ్యాపును కొత్తదాని కింద పరిచి చూసింది. వాగు ఒకప్పుడు కట్టకు అవతల, చర్చి పొలం వెనకనుంచి పారేది. వరదకు కట్ట తెగిన చోటు సరిగ్గా అదే. వరద నీళ్లు ఆ పాత దారినే పట్టి ఉంటే, డార్విన్ కూడా అటే కొట్టుకుపోయి ఉండాలి. ఆ పొలం గళ్లలో లేనే లేదు.

వోర్లీ ఓపిగ్గానే విన్నాడు. తన మనుషులు నిలబడలేకపోతున్నారని, పై లోయలో ఇంకా బతికున్నవాళ్లు ఉండొచ్చని చెప్పాడు. అది అబద్ధం కాదు. లినెట్ కంప్యూటర్ తెర మీది రెండు మ్యాపులనూ పోల్చి చూసింది.

"ఇది రుజువు కాదు ఓపల్. అనుమానం అంతే."

"అనుమానమే. అంతకుమించి నా దగ్గర ఏముంది మేడం?"

లినెట్ కారు తాళాలు తీసింది.

చీకటి పడేదాకా ఇద్దరూ చర్చి పొలంలో బురద తవ్వితే పరుపులు, ఒక ఫ్రిజ్, ఎవరివో పెళ్లి ఫోటోలు దొరికాయి. పాత మ్యాపు మీది ఒట్టి గీతను నమ్మి టీచర్ని బురదలో నిలబెట్టానేమోనని ఓపల్ కుమిలిపోయింది. మర్నాడు, కూలిన మాను వేళ్ల కింద, లినెట్‌కు ఒక బూటు కనిపించింది. ఆమె ఓపల్ చేయి పట్టుకుంది. ఓపల్ ఆ చేయి విడిపించుకుని మోకాళ్ల మీద కూలబడి, చేతులతోనే మట్టి తీసింది.

సాయంత్రం, ఓపల్ గోళ్లలో బురద ఇంకా ఆరకముందే, అమ్మ ఒక్కటే అడిగింది. "నీళ్లలో ఉన్నాడా, పొడి నేల మీద ఉన్నాడా?"

"పొడి నేల మీదేనమ్మా. నిద్రపోతున్నట్టున్నాడు."

మళ్లీ కాలేజీ మెట్లు ఎక్కడానికి ఓపల్‌కు ఏడాది పట్టింది. ఎలాగో డిగ్రీ పూర్తిచేసింది. పట్టా ఇచ్చే రోజు అమ్మ రాలేదు. ఏడిపించడానికి డార్విన్ లేని ఆ వేడుకకు రమ్మని ఓపల్ కూడా అడగలేదు.