సైకిలు ముందు ఎవరు పట్టారు?

జపాన్ నేల ఎక్కడ ఆగుతుందో, నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో ఒకప్పుడు సముద్రానికే తెలిసేది కాదు. మా తాత కుమేకిచి సైకిలు చక్రంతో చుట్టూ గీత గీసి చూపించాకే అది బుద్ధిగా ఆ గీతకి అవతల నిలబడింది. నమ్మకపోతే సకాతా రేవు దగ్గర సోయా పాల జున్ను, అదే టోఫు, అమ్మే మా కొట్టుకి వచ్చి అడగండి. ఆ గీత ఇంకా కలవలేదని మాత్రం తాత చెవిన పడేలా అనకండి.

గీతలో సగం తాత నేస్తం, మంగలి రోకుసుకేది; తాతకి అతను రోకు. ఇద్దరూ ఒకే బడిలో తన్నులు తిన్నవాళ్ళు. మేముండే హోన్షు దీవి చుట్టూ అంచు వెంబడి తొక్కాలని పెళ్ళిళ్ళు కాకముందే ఒట్టేసుకున్నారు. కొట్లు మూసుకుని నెలల తరబడి పోలేరు కదా, అందుకని ఏటా కొంచెం కొంచెం. ఆగినచోట రోడ్డు పక్క ఇనుప కంచెకి తువ్వాలు కట్టి ఇంటికొచ్చేవాళ్ళు. మరుసటేడు చక్రాలు విప్పి, సైకిళ్ళని గుడ్డసంచుల్లో కుక్కి, రైలెక్కి అక్కడికే పోయి, ఆ కంచె దగ్గరే మొదలుపెట్టేవాళ్ళు. తువ్వాలు ఎప్పుడూ ఉండేది కాదు. అది గాలికి కట్టే పన్ను అనేవాడు రోకు. ఒకరి టైరు పంచరైతే రెండోవాడు అక్కడే ఆగాలి. ఒక్కడే ముందుకి పోకూడదు. ఉన్న నియమమల్లా ఇదే.

అన్నీ అయిపోయి చివరికి సముద్రంలోకి పొడుచుకొచ్చిన తాప్పి అగ్రం దగ్గర మెట్లు మిగిలాయి. మ్యాపులో చూస్తే అది జాతీయ రహదారే. తీరా పోతే కొండ మీదికి మెట్లు! పైన దీపస్తంభం దాకా అవతలి వైపు నుంచి ఎప్పుడో వచ్చేసి, కిందికి చూసి, ఇవి ఆఖరికి ఉంచుకుందాం అనుకున్నారు. సైకిలుకి ముందొకరు, వెనకొకరు పట్టి మోసుకెళ్ళాలి. ముందు ఎవరు? గెలిచినవాడే ముందు అని అప్పుడే రాయి, కాగితం, కత్తెర ఆడారు. తాత కత్తెర వేశాడు, మంగలి కాగితం వేశాడు. జీవితమంతా కత్తెర పట్టినవాడు కత్తెరకే ఓడాడని తాత ఏళ్ళ తరబడి నవ్వాడు.

పోయిన శరత్కాలంలో ఆ మెట్లెక్కుదామని ఇద్దరూ పోతే, వాటి కిందే, వానలో, తాత జారి పడ్డాడు. మోకాలు చితికింది.

ఆసుపత్రి మంచం పక్కన రోకు అన్నాడు: "నువ్వు లేచేదాకా నా చక్రం తిరగదురా కుమే."

చలికాలమంతా తాత కొట్టు వెనక మోకాలు మడుస్తూ, చాపుతూ, మూలుగుతూ గడిపాడు. "సోయా గింజలు కూడా నీకన్నా తొందరగా మెత్తబడతాయి తాతా" అని నేనంటే చెక్క గరిటె విసిరేవాడు. గురి మాత్రం బాగానే ఉంది.

మంచు కరిగాక ఒక పొద్దున రోకు భార్య హత్సుయే వచ్చింది. చేతిలో పొందికగా కట్టిన పెట్టె.

"వదినా, మా ఆయన ఊరెళ్ళొచ్చాడు. పెద్దగా ఏమీ కాదు, బియ్యప్పిండి అప్పాలు."

మా నాయనమ్మ తొమియే వంగి వంగి అందుకుంది. ఊరెళ్ళినవాడు చుట్టుపక్కల ఇళ్ళకి అక్కడి తినుబండారం పంచకపోతే మా వీధిలో తలెత్తుకు తిరగలేడు. తాత పెట్టె తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. పై కాగితం మీద దీపస్తంభం బొమ్మ. కింద 'తాప్పి' అని పెద్దక్షరాలు.

హత్సుయే నాలుక కరుచుకుంది. "ఈ ఇల్లొక్కటి వదిలెయ్యమన్నాడు ఆయన. నలుగురికీ ఇచ్చి మీకివ్వకుండా ఎలా ఉంటాం అన్నయ్యా..."

"ఉండలేవమ్మా" అన్నాడు తాత మెల్లగా. "ఆ మర్యాద నీకుంది."

పెట్టె చంకన పెట్టుకుని, కర్ర ఊనుకుంటూ మంగలి కొట్టుకి పోయాడు. కుర్చీలో కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. రోకు దాన్ని చూశాడు. చూడనట్టు నురగ రాశాడు. ఒక చెంప గీశాడు.

"ఎవరితో?" అన్నాడు తాత.

కత్తి ఆగింది. "మా బావమరిదితో."

"వాడికి సైకిలు తొక్కడం వచ్చా?"

"బ్యాటరీది."

"బ్యాటరీది!" నురగ ఎగిరి అద్దం మీద పడింది.

"ఒరేయ్ కుమే, నీ మోకాలు మళ్ళీ మెట్లెక్కదని డాక్టరు మీ ఆవిడతో అంటుంటే విన్నాను. నాకూ వయసైపోతోంది. ఎన్నాళ్ళు కాచుకోను?"

"ఆ మాట నాతో అనొచ్చుగా."

రోకు కత్తి తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"ముందు ఎవరు పట్టారు?"

"...నేనే."



"మళ్ళీ పోదాంరా" అన్నాడు రోకు. "నీతో కూడా ఎక్కుతా. ఈసారి ముందు నువ్వే."

"నీకు తెలిసిపోయింది. ఏ మెట్టు విరిగిందో, ఎక్కడ గాలి కొడుతుందో చెప్తూ ఉంటావు. ఇన్నేళ్ళలో మనం ఒకరికొకరు దారి చూపించుకున్నామా? ఇద్దరికీ తెలియని రోడ్డే కదరా మనది."

మెడకి చుట్టిన గుడ్డ విప్పి పెట్టె మీద పరిచి, రెండూ కుర్చీలో వదిలేసి వచ్చేశాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో. వీధంతా చూసింది.

"బదులుగా ఏదో ఒకటి పంపాలి కదండీ" అంది నాయనమ్మ.

"పిప్పి పంపు. పాలు తీసేసిన సోయా పిప్పి."

"ఛ! నేను మంచి టోఫే పంపుతాను. డాక్టరు మాట నేనూ మీకు చెప్పలేదు."

తాత ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఊళ్ళో ఇంకో మంగలి లేడు. తాత గడ్డం పెరుగుతూనే ఉంది, ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు. రోజూ సాయంత్రం సైకిలు బయటికి తీసి, రేవు గట్టు వాలు మీద ఎక్కించి దింపుతాడు. తాను ముందు పడతాడు. వెనక ఎవరూ పట్టరు, చక్రం రాళ్ళకి కొట్టుకుంటూ వస్తుంది.

రాసిందంతా చదివి వినిపించి అడిగాను: "చివర్లో నువ్వు రోకు తాతని క్షమించేసినట్టు రాయనా తాతా? చదివేవాళ్ళకి బాగుంటుంది."

"వాళ్ళకంత బాగుంటే వాళ్ళనే క్షమించమను" అన్నాడు. "నాకింకా మెట్లున్నాయి. వాగుడు ఆపి ఆ సైకిలు పంపు తే, వెనక టైరులో గాలి లేదు."