షారోన్ ఎండబెట్టిన మొక్కలు

మా పైవాటాలో అద్దెకుండే డేనియల్ మాస్టారి కూతురు షారోన్ ఎమ్మెస్సీ బోటనీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మా మిద్దె మీద జరిగిన సంగతి ఇది. నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిపించుకుని రిటైరైనవాణ్ని. అంతవరకూ విద్యార్థులను కౌంటరు కిటికీలోంచే చూశాను. కిటికీలోంచి చూస్తే అందరూ ఒక్కలాగే ఉంటారు, అందరికీ మార్కుల మెమో ఇవాళే కావాలి. ఆఖరి సంవత్సరం పిల్ల రోజూ మన మెట్ల మీదే ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆ కథే వేరు.

తెల్లవారగానే సందులోని పిల్లలకు లెక్కలు చెప్పేది. తర్వాత ఒక చేత్తో ఇడ్లీ, ఇంకో చేత్తో రికార్డు పట్టుకుని పరుగు. తార్నాక చౌరస్తా దాటి క్యాంపస్‌లోకి నడిచే పోయేది, బస్సు కోసం నిలబడే ఓపిక ఆ పిల్లకు లేదు. సాయంత్రం దాకా ల్యాబ్, శనివారం చర్చిలో పాటల ప్రాక్టీసు, ఆదివారం ఆరాధన, మళ్లీ సోమవారం. వీటన్నిటి మీద, నెత్తిన వేలాడే కత్తిలా డిసర్టేషన్.

డిసర్టేషన్ అంటే సొంతంగా ఒక ప్రయోగం చేసి, రాసి, మే నెల నడుమకల్లా డిపార్ట్‌మెంటులో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫలితం ఆపేస్తారు, ఏడాది పోతుంది. మేడ్చల్ దగ్గర ఒక విత్తనాల కంపెనీవాళ్లు జూన్‌కల్లా పాసైతే వచ్చి చేరమన్నారు. చర్చి బడిలో పాఠాలు చెప్పే డేనియల్ మాస్టారు రిటైరయ్యేదీ ఆ జూన్‌లోనే. తండ్రి జీతం ఆగే నెలలో కూతురి జీతం మొదలవ్వాలి. ఆ మాట వాళ్లింట్లో ఎవరూ పైకి అనరు గానీ మాస్టారు మాత్రం చిక్కి సగమయ్యాడు.

షారోన్ ఎంచుకున్న ప్రయోగం వేరుశెనగ మీద. రెండు రకాల విత్తనాలు కుండీల్లో వేస్తుంది. మొక్కలు కాస్త ఎదిగాక సగం కుండీలకు నీళ్లు పోస్తుంది, సగం వాటికి ఆపేస్తుంది. నీళ్లున్నవాటికి ఆకుపచ్చ తాడు, లేనివాటికి ఎర్ర తాడు. ఆకులు కోసి తూచి, ఎండగట్టి మళ్లీ తూచి, ఏ రకం దప్పికను ఎక్కువ తట్టుకుంటుందో తేలుస్తుంది. క్యాంపస్‌లో వలలు కట్టిన షెడ్డు ఒకటి ఉంది గానీ అదంతా పీహెచ్‌డీ వాళ్ల మొక్కలతో నిండిపోయింది. బయట పెడదామంటే కోతులు. వేరుశెనగ పెట్టి కోతులను చూడమనడం దొంగ చేతికి తాళాలివ్వడమే. అందుకని మా మిద్దె అడిగింది. ముప్పైకి పైగా కుండీలు, పైన ప్లాస్టిక్ పట్టా, నాలుగు వెదురుబొంగులు. నాకేం పోయింది, సరేనన్నాను.

మా ఆవిడ కమలమ్మతో ఆ పిల్ల ఒకే ఒక్క మాట చెప్పింది. "ఆంటీ, మొక్కల్ని మాత్రం ముట్టుకోకండి, ప్లీజ్." ఎందుకో ఏమిటో చెప్పలేదు. ఇంటి ఓనరమ్మకు ఎమ్మెస్సీ పాఠం చెప్పే తీరిక ఎవరికుంటుంది?

నీళ్లు ఆపిన పది రోజులకు షారోన్ మా గడపలోకి వచ్చి నిలబడింది. ముఖం మతాబులా వెలుగుతోంది.

"అంకుల్, ఎర్ర తాడు మొక్కలు అసలు వాడలేదు. రెండు రకాలూ పచ్చగా ఉన్నాయి. ఇంత తట్టుకుంటాయని ఎక్కడా చదవలేదు నేను."

"శభాష్" అన్నాను. నాకేం తెలుసు? వంటింట్లో మా ఆవిడ తనలో తాను నవ్వుకుంటూ వంకాయలు తరుగుతోంది. అదీ చూశాను, వంకాయలు లేతగా ఉన్నాయి కాబోలు అనుకున్నాను.

షారోన్ గైడు విజయకుమారి మేడం మాత్రం శభాష్ అనలేదట. రీడింగులు చూసి, కళ్లజోడు తీసి, "ఇది వేరుశెనగా, బ్రహ్మజెముడా?" అని అడిగిందట. కుండీలు మళ్లీ చూసుకోమని పంపించింది.

ఆ మర్నాడే క్యాంపస్‌లో ఏదో ధర్నా. క్లాసులు లేవు. షారోన్ మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి నేరుగా మిద్దెక్కింది. కాసేపటికి పైనుంచి మాటలు వినపడితే నేనూ వెళ్లాను. కమలమ్మ చేతిలో మగ్గు, పక్కన సగం ఖాళీ అయిన బకెట్. ఎర్ర తాడు కుండీల కింద నేల తడిగా ఉంది.

"ఏమ్మా, అట్ల చూస్తాండావు?" అంటోంది మా ఆవిడ. "పరీక్షల తొందర్లో ఒక వరసకు పోసి ఒక వరసకు మర్చిపోతాండావని నేనే పోస్తాండా రోజూ. పాపం, నువ్వు మాత్రం ఎన్నని చూసుకుంటావు?"

"ముట్టుకోవద్దని చెప్పాను కదా ఆంటీ."

"ముట్టుకోలేదు తల్లీ. పైనుంచి పోసినాను, అంతే."

నాకు నవ్వొచ్చింది. షారోన్ ముఖం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. కుండీల మధ్య కూలబడి మట్టిలో వేలు పెట్టి చూసింది, ఇంకో కుండీలో చూసింది, అన్నీ చూసింది. తర్వాత లేచి, మా ఇద్దరి పక్కనుంచి కిందికి దిగిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది.

మేలు చేయబోతే కీడు ఎదురవడమంటే ఇదే. నేను విషయం వివరించేసరికి కమలమ్మ మగ్గూ బకెట్టూ తీసుకెళ్లి కింద స్నానాలగదిలో పెట్టేసింది. ఆమెది కదిరి దగ్గర మెట్ట ప్రాంతం. కాయ దిగే వేళకు వాన మొహం చాటేస్తే, వాళ్ల నాయన ఎండిన శెనక్కాయ చేను పీకి పశువులకు వేయడం చిన్నప్పుడు కళ్లారా చూసింది. ఒక ఏడు కాదు, వరసగా. అలాంటి మనిషి నెత్తి మీదే శెనక్కాయ చెట్లు ఎండుతుంటే, కింద అన్నం తిని పడుకోగలదా? ఆ మాట షారోన్‌కు చెబుదామని రెండుసార్లు పై మెట్టు దాకా వెళ్లాను. తలుపు తియ్యలేదు. ఆ పిల్ల కోపం న్యాయమైనదే, అందుకు నాకేమీ కోపం రాలేదు.

రెండో రోజు సాయంత్రం నాగేష్ వచ్చాడు. షారోన్ క్లాస్‌మేట్, వారాసిగూడ అబ్బాయి, మంచివాడే. మెట్ల మీద కూర్చుని ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నా కుర్చీలోకి బాగానే వినపడింది.

"గింత దానికి ఎందుకే పరేషాన్ అయితున్నవ్? రీడింగులు మనమే రాసేద్దాం. గ్రాఫ్ ఎట్ల రావాల్నో నీకు ఎరికే కదా. గట్లనే గీసి ఇయ్యి. ఎవ్వరు చూస్తరు?"

"ఎవరూ చూడరు."

"మరింకేంది?"

"రేపు ఆ కంపెనీలో నా పని ఇదే నాగేష్. ఏ విత్తనం ఎండకు నిలబడుతదో చెప్పాలి, అది నమ్మి ఎవరో ఒకరు చేనులో వేసుకుంటరు. మొదటి లెక్కే దొంగలెక్క రాస్తే ఇంక నా మాట నేనే నమ్మను."

"టైమ్ ఎక్కడున్నది తల్లీ? మే దగ్గరికొచ్చింది."

"ఉన్న టైమ్‌లోనే చేస్తా."

ఎన్నో ఏళ్లు కౌంటరులో కూర్చున్నాను. గడువు పెంచమని అడిగినవాళ్లను చూశాను, ఏడ్చినవాళ్లను చూశాను, ఎమ్మెల్యేతో ఫోన్ చేయించినవాళ్లనూ చూశాను. ఉన్న గడువులోనే మళ్లీ మొదటినుంచి చేస్తానన్న పిల్లను చూడటం నాకదే మొదలు. లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది, నా కూతురేమీ కాకపోయినా.

మర్నాడు వెళ్లి మేడంతో జరిగింది జరిగినట్టు చెప్పింది. తేదీ మారదని మేడం చెప్పేసింది. కాకపోతే పెద్ద మొక్కల దాకా ఆగక్కర్లేదు, లేత మొక్కల మీదే దప్పిక పరీక్ష పెట్టుకోమంది. లెక్క వేస్తే నెల పైచిలుకు పడుతుంది. ఆకులు తూచి రాసుకోవడానికి చివర్లో వారం మిగులుతుంది. ఒక్క రోజు అటూ ఇటూ అయితే మళ్లీ వేసే వ్యవధి ఉండదు. ఆ సాయంత్రమే పాత మట్టి పారబోసి కొత్త మట్టి నింపింది. మట్టి తట్టలు మెట్ల మీదుగా తానే మోసింది. నేను చెయ్యి వెయ్యబోతే, "వద్దంకుల్, తూకం నాకు తెలియాలి" అంది.

ఆ తట్టలకు అడ్డంగా వెళ్లి నిలబడింది కమలమ్మ.

"తప్పయిపోయింది తల్లీ. ఒక్క మాట అడుగుతా, కసురుకోవద్దు. ప్రాణమున్న చెట్టును ఎండబెట్టి చంపేది కూడా ఒక చదువేనా?"

షారోన్ తట్ట దించింది. ఈసారి తీరిక చేసుకుంది. మెట్టు మీద కూర్చుని చెప్పింది. "ఏది తట్టుకుంటదో తెలియాలంటే ఎండబెట్టాల్సిందే ఆంటీ. ఇక్కడ ఈ కుండీలో ఎండకపోతే, అక్కడ ఎవరి చేనులోనో ఎండుతది. అక్కడ ఎండకూడదనే ఇదంతా."

కమలమ్మ తట్టలోని మట్టిని వేళ్లతో నలిపి చూసింది. చివరికి, "నీళ్లాపిన నాడు నాకు చెప్పు. మళ్లీ నువ్వు పోసేదాకా నేను మిద్దెక్కను. చూస్తే నా చెయ్యి ఊరుకోదు" అంది.

అన్నట్టే చేసింది. మొక్కలు మొలిచాయి, ఎదిగాయి. ఏప్రిల్ మూడో వారం దాటాక షారోన్ ఎర్ర తాడు కుండీలకు నీళ్లు ఆపింది. ఆనాటినుంచి మా ఆవిడ బట్టలు కూడా వాకిట్లోనే ఆరేసింది. మిద్దె మెట్ల వైపు చూడకుండా తల తిప్పుకుని నడిచేది. వేళాకోళం ఆడబోతే, "ఊరికే ఉండండి" అంది. పైన మొక్కలు వాడుతుంటే కింద ఈమెకు ముద్ద దిగడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

ఆరో రోజు మధ్యాహ్నం మౌలాలి వైపునుంచి మబ్బు పట్టింది. చూస్తుండగానే గాలి లేచింది. షారోన్ ఆఖరి ప్రాక్టికల్ పరీక్షలో ఉంది. వాళ్లమ్మ ప్రిస్కిల్లా, మాస్టారు ఇద్దరూ చర్చికి వెళ్లారు. పైన ప్లాస్టిక్ పట్టా టపటపా కొట్టుకుని, ఒక్కసారిగా చిరిగి పక్కింటి వేపచెట్టు మీదికి ఎగిరిపోయింది. నేను గొడుగు కోసం వెతుకుతున్నాను. వెనక్కి తిరిగేసరికి కమలమ్మ లేదు.

మోకాళ్ల నొప్పులతో పూజగది గడప దాటడానికే మూలిగే మనిషి, మిద్దె మీద చెరో చేత్తో కుండీ పట్టుకుని మెట్లగదిలోకి మోస్తోంది. పెద్ద పెద్ద చినుకులు అప్పుడే మొదలయ్యాయి.

"చూస్తాండారేమి? ఎర్ర తాడువి ముందు! ఆకుపచ్చవి తడిస్తే తడవనీ!"

మోశాం. నా మెడ పట్టేసింది, అయినా మోశాను. వాన వడి అందుకునేసరికి ఇంకా నాలుగు మిగిలాయి. వాటి మీద బట్టలు ఉతికే టబ్బు బోర్లించి, పైన తాను వంగి పట్టుకుంది. నేను ఒక్కొక్కటే కిందినుంచి లాక్కున్నాను. ఆఖరిది లాగేటప్పుడు టబ్బు గాలికి లేచిపోయింది.

షారోన్ నిలువునా తడిసి పరుగెత్తుకొచ్చింది. పరీక్ష అయిన వెంటనే వానలోనే క్యాంపస్‌నుంచి వచ్చేసిందట. మెట్లగదిలో కుండీలన్నీ చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆకులు ముడుచుకుని, వేలాడి, చూడటానికే దిగులుగా ఉన్నాయి. ఒక్కొక్క కుండీలో వేలు పెట్టి చూసింది. పొడి. పొడి. పొడి.

"దీంట్లో పడినాయి నీళ్లు" అంది కమలమ్మ, ఆఖరి కుండీ పక్కకు జరుపుతూ. "దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మిగిలినవాటికి చుక్క తగలనీలేదు."

మొదటిసారి సర్వం పోయినప్పుడు కన్నీటి బొట్టు రాల్చని పిల్ల, ఆ మాటకు మా ఆవిడ భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. నేనూ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

మే నెలలో షారోన్ డిసర్టేషన్ ఇచ్చింది. ఎర్ర తాడు కుండీ ఒకటి ఎందుకు తగ్గిందో అందులో ఉన్నదున్నట్టు రాసిందట. జూన్‌లో మేడ్చల్‌లో చేరింది. అవన్నీ కాగితం మీద ఉన్న సంగతులు, యూనివర్సిటీవాళ్లను అడిగినా చెబుతారు. వాళ్ల దగ్గర లేనిది ఒకటుంది, అది మాత్రం నేనే చెప్పాలి.

ఆ సాయంత్రం ఏడుపు ఆగాక కమలమ్మ, "ఇంకెన్ని దినాలు ఎండాల ఇవి?" అని అడిగింది. నాలుగు రోజులంది షారోన్. చినుకు పడితే చాలు పనులన్నీ వదిలేసి వాకిట్లోకి వెళ్లి నిలబడే మనిషి మా ఆవిడ. పెళ్లయిన కొత్తలో అది చూసి వెర్రి అనుకునేవాణ్ని. ఆ మనిషి మెట్లగది గుమ్మంలో నిలబడి, తడిసిన రెండు చేతులూ జోడించి, వానను ఆగిపొమ్మని దేవుడికి మొక్కుకుంది.