బాపు ఇచ్చిన వంతు

పొద్దున చెల్లె కూతురు ఫోన్ చేసింది. బెంగుళూరులో నేను చదివిన ఫాదర్ల యూనివర్సిటీలోనే తనకూ డిగ్రీ సీటొచ్చిందట. "ఫిలాసఫీ తీసుకోనా మామా?" అని అడిగింది. ఆ చదువు పేరెత్తితే చాలు, గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ కాక కళ్ల ముందుకొస్తాడు.

నేను అందులో చేరినప్పుడు, క్లాసులో సగం మంది ఫాదర్లు కాబోయేవాళ్లేనని ఇంట్లో నోరు జారాను. ఇంకేముంది, నేనూ పెళ్లీ పెటాకులూ లేకుండా తెల్లంగీ తొడుక్కుంటానని అమ్మకు దిగులు పట్టుకుని, గని దగ్గరి మైసమ్మకు కోడిని మొక్కింది. కాకకు మాత్రం నేనంటే సరదా. సెలవులకు వస్తే చాలు, డ్యూటీ దిగి స్నానం చేసి, కళ్లకింద ఇంకా వదలని బొగ్గు మసితోనే వచ్చి గడప మీద కూర్చునేవాడు. "ఇగ చెప్పురా, దేవుడున్నడా లేడా? గిన్ని దినాలాయె, గింత సంగతి తేల్చరా మీరు?" అనేవాడు. మూడో ఏడాది నేను, మంచివాళ్లకు కీడెందుకు జరుగుతుందన్న ప్రశ్న మీద పెద్ద వ్యాసం రాశాను. ఫాదర్ మెచ్చుకుని క్లాసులో నాచేత చదివించారు. ఎంత పొంగిపోయానో చెప్పలేను.

పట్టా ఇచ్చేది సోమవారం. అది చూడడానికి మా నాన్న, అదే మా బాపు, ఆదివారం పొద్దున రైలెక్కాలి. ఆయనా కాకా ఒకే గనిలో పనిచేసేవాళ్లు. తీరాచూస్తే ఆ ఆదివారమే బాపుకు ప్లే డే పడింది. సెలవు రోజున గనిలోకి దిగితే రెట్టింపు కూలి కాబట్టి ఆ డ్యూటీ వంతులవారీగా వచ్చేది, ఎవరూ వదులుకునేవారు కాదు. కాక అప్పుడే ఇల్లు కట్టడం మొదలుపెట్టాడు, డబ్బుకు ఇబ్బందిగా ఉంది. బాపు తనంతట తనే పిలిచి, అధికారితో మాట్లాడి, తన వంతు ఆయనకిప్పించాడు. కాక సంబరంగా బాపును స్కూటర్ మీద స్టేషన్‌లో దింపి, "వాన్ని జవాబు తయారు వెట్టుకొమ్మను, వచ్చినంక అడుగుత," అని పంపాడట. మధ్యాహ్నం షిఫ్టులో గని పైకప్పు కూలింది. కాక అక్కడే పోయాడు.

ఆ కబురు మర్నాడు కాలేజీ గేటు దగ్గర అందింది. పట్టా తీసుకోకుండానే తిరుగు రైలెక్కాం. చాలాసేపటికి బాపు నా వైపు తిరిగి, "మంచి చేద్దామనే ఇచ్చిన గదరా. గదెట్ల గిట్లయింది? నువ్వు సదివింది గదే గదా, చెప్పు," అన్నాడు. వ్యాసంలోని వాక్యాలన్నీ నాలుక మీదే ఉన్నాయి. మంచినీళ్ల సీసా చేతికిచ్చాను, అంతే.

కాక భార్య బాపును తప్పుపట్టలేదు. "నువ్వేం జేస్తవ్ బావా, ఆయన రాత," అని ఆమే బాపును ఓదార్చింది. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాపు తేరుకునేవాడేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా బాపు ప్లే డేకు పోలేదు. వంతు వచ్చినప్పుడు ఇంకొకరికి ఇవ్వనూ లేదు. ఎవరైనా అడిగితే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు.

ఇవాళ ఫోన్ పెట్టేశాక, బాపు మంచం మీంచే, "పిల్ల ఏం సదువుతదట?" అన్నాడు. చెప్పాను. "సదువనియ్యి. దానికన్న జవాబు దొరుకుతదేమో," అన్నాడు.

నా చదువు మూడేళ్లలో అయిపోయింది. బాపు ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ముసలివాడైపోయాడు.