దిక్కులు తెలిసిన డబ్బా

ఆ రోజుల్లో బాన్సువాడ బస్టాండులో చంకన ల్యాప్‌టాప్ పెట్టుకున్న మనిషి కనబడితే, బ్యాంకు మేనేజరన్నా అయి ఉండాలి, ఏదో సర్వే మీద పట్నం నుంచి దిగిన ఆఫీసరన్నా అయి ఉండాలి. ఈ రెండూ కాని మూడో రకాన్ని నేనొక్కడినే. (మా గల్లీవాళ్లు ఈ మూడో రకానికి ‘పనిలేనోడు’ అని ముందే పేరు పెట్టుకున్నారని నాకు తర్వాత తెలిసింది.) సివిల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది దాటింది. మీసం ఇంకా పూర్తిగా రాలేదు గానీ, లోకంలో ఉన్న ఇళ్లన్నీ తప్పుగా కట్టారన్న అభిప్రాయం మాత్రం పూర్తిగా వచ్చేసింది. అప్పటి నన్ను ఇప్పుడు ఎదురుగా నిలబెడితే రెండు తగిలించి, ఒక చాయ్ తాగించి పంపిస్తాను.

మా నాయినది ఇనుప సామాన్ల దుకాణం. పారలు, గడపారలు, బోల్టులు, మొలలు. నేను ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతానని చెప్పిన రోజు ఆయన మొలలు తూస్తున్న తక్కెడ కిందికి దించకుండానే అన్నాడు: “మంచిదే. గని దసరా లోపల ఒక్క ఇంటికి ముగ్గు పోయించి సూపెట్టు. లేకుంటే ఇగ సప్పుడు చెయ్యకుండ వచ్చి ఈడ మొలలు జోకుకుంట కూసో.” పునాది తవ్వే ముందు నేలమీద సున్నంతో గోడల గీతలు గీస్తారు కదా, దాన్నే మా దగ్గర ముగ్గు పోయడం అంటారు. నాకు దసరా భయం పట్టుకుంది. మొలలు జోకుతూ ముసలివాడినై, తుప్పు వాసనతో పోయే నా భవిష్యత్తు కళ్లకు కట్టింది.

గొప్ప పనిముట్టు ఉంటే గొప్ప పని అదే వస్తుందని నా నమ్మకం. (ఈ నమ్మకం మీద నేను ఇప్పటికీ రకరకాల వస్తువులు కొంటూనే ఉన్నాను.) పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పి దాచుకున్నదంతా జేబులో పెట్టుకుని హైదరాబాదు వెళ్లి, ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణంలో ఆ యంత్రాన్ని చూశాను. చూడటానికి మామూలు ల్యాప్‌టాప్. కానీ దుకాణదారు దాని తెరను పట్టుకుని కోడి మెడ తిప్పినట్టు గిర్రున తిప్పి, వెల్లకిలా మడిచేసరికి అది పలక అయిపోయింది. పక్కన ఒక పెన్ను. దాంతో తెరమీదే గీయవచ్చు. ఆయన పలకను అడ్డంగా తిప్పాడు, లోపలి బొమ్మ నిటారుగా లేచి నిలబడింది. తలకిందులు చేశాడు, మళ్లీ నిలబడింది. “ఎటు తిప్పితే గటు సీదా అయితది భాయ్. దీనికి దిక్కులన్నీ ఎరుకే,” అన్నాడు. ఆ మాట నా గుండెలో పడింది. ఇళ్లు కట్టించేవాడికి దిక్కులు తెలిసిన యంత్రం కంటే ఏం కావాలి? దాన్ని అంతకుముందు ఎవరు వాడారో, ఎందుకు వదిలించుకున్నారో అడగాలని కూడా తోచలేదు.

ఎందుకు వదిలించుకున్నారో వారంలోనే అర్థమైంది. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేవి. నిండా ఛార్జి పెడితే సినిమాలో ఇంటర్వెల్ దాకా వచ్చేది, అదీ పాటలు తక్కువున్న సినిమాలో. నేను పెన్నుతో తెలుగులో ‘వంటగది’ అని రాస్తే కాసేపు ఆలోచించి ఇంగ్లీషులో ‘సోఫా’ అని అచ్చువేసేది. పెన్ను పోతే ఇంకోటి దొరకదని పోస్టాఫీసు పెన్నుకు కట్టినట్టు దానికి దారం కట్టాను. చాయ్ హోటల్లో నలుగురూ చూస్తారని తెర తిప్పితే, పక్క బల్ల మీది అవ్వ గాభరాపడి, “అయ్యో బిడ్డా, మెడ ఇరిగింది గదరా!” అని నెత్తి కొట్టుకుంది. అయినా నేను దాన్ని విడిచి ఉండలేదు. అన్నం తినేటప్పుడు కూడా పీటపక్కన పెట్టుకునేవాణ్ణి.

దసరాకు ఇంకా మూడు వారాలుందనగా దేవుడు కరుణించాడు. నిజాంసాగర్ కాలువ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపు పెద్దాయన కొత్త ఇల్లు కట్టుకుంటూ, మా దుకాణానికి గడపారల కోసం వచ్చి, నా యంత్రం చూసి ముచ్చటపడ్డాడు. “ఏవయ్యా, వాస్తు తేడా రాకుండా గీస్తావా? నాకు వాస్తంటే ప్రాణం,” అన్నాడు. “దీనికి దిక్కులన్నీ తెలుసు సార్,” అన్నాను. నాయిన నావంక ఒకసారి చూసి, మళ్లీ మొలల్లోకి చూశాడు.

స్థలానికి తూర్పున రోడ్డు, పడమర కాలువ. రోడ్డువైపు సింహద్వారం, ఆగ్నేయంలో వంటగది, ఈశాన్యంలో దేవుడి గది, వాయవ్యంలో మరుగుదొడ్డి. రోడ్డు తెర పైభాగాన ఉండేట్టు బ్రహ్మాండంగా గీశాను. కాగితం మీద అచ్చు తీసుకుపోదామా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, అంత యంత్రం ఉండగా కాగితం పట్టుకుపోవడం నాకు నామోషీ అనిపించింది.

ముగ్గు పోసే రోజు ఉదయం ఎనిమిదికల్లా అందరం చేరాం. పదకొండుకు మొదటి గడపార పోటు వేయాలని ముహూర్తం. పనికి వచ్చింది గుండు మేస్త్రీ. (ఆయన జుట్టు దట్టమే; గోడ నిలువు చూసే తూకం గుండు ఎప్పుడూ చేతిలో వేలాడుతుంటుందని ఆ పేరు.) నేను రోడ్డుకు ఎదురుగా కూర్చుని పలక తెరిచాను. తెరమీద నా మొహం తప్ప ఏమీ కనబడలేదు. ఎండలో ఆ తెర పనిచేయదన్న సంగతి దుకాణదారు చెప్పలేదు, నేను అడగలేదు. పెద్దాయన ఇంట్లోంచి రగ్గు తెప్పిస్తే, నేనూ మేస్త్రీ జలుబుకు ఆవిరి పట్టినట్టు దానికింద దూరాం. అయినా తూర్పు ఎండ రగ్గు సందులోంచి సూటిగా తెరమీద పడింది. “వీపులు అటు తిప్పుదాం,” అన్నాను. నేను తిరిగాను, మేస్త్రీ తిరిగాడు, రగ్గు తిరిగింది, లోపల ఇల్లు కూడా మాతోపాటే తిరిగింది. కానీ దిక్కులు తెలిసిన యంత్రం కదా, అదే సర్దుకుంటుందనుకున్నాను.

మేస్త్రీ రగ్గులోంచి తల బయటపెట్టి కొలతలు అరుస్తుంటే, కూలీలు దారాలు లాగి సున్నం పోస్తూ పోయారు. మధ్యలో ఆయన చిన్నగా గొణిగాడు. “చిన్న సేటూ, దర్వాజ కాలువ దిక్కు వడుతున్నట్టున్నది. ఒక్కసారి సూడరాదు?”

“కంప్యూటర్ తప్పు చెప్తదా అన్నా? జల్ది కానియ్, ఛార్జి అయిపోతది.”

ఊళ్లో సగం ఇళ్లు చేత్తో కట్టిన మనిషి. కంప్యూటర్ మాట ఎత్తేసరికి పాపం నోరు మూసుకున్నాడు. ఆ తప్పుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

ఆఖరి గీత పడటం, యంత్రం ఆరిపోవడం ఒకేసారి జరిగాయి. రగ్గు తీసి చెమట తుడుచుకుంటుంటే పెద్దాయన భార్య, మేమంతా పెద్దమ్మ అనే ఆవిడ, కాఫీ గ్లాసుల పళ్లెంతో వచ్చింది. సున్నం గీతలు తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, సరాసరి ఆగ్నేయం మూలకు నడిచి నిలబడి, మురిపెంగా అడిగింది: “అబ్బాయ్, నేనిప్పుడు ఎక్కడున్నాను?”

నేను చుట్టూ చూశాను. గీతలు చూశాను. కాలువ చూశాను.

“చెప్పు అబ్బాయ్, వంటగదిలోనేగా?”

“కాదమ్మా. మరుగుదొడ్డిలో.”

అవును. మేం వీపులు తిప్పినప్పుడు తెర పైనున్న రోడ్డు కూడా కాలువవైపు తిరిగిపోయింది. సింహద్వారం కాలువ నీళ్లను చూస్తోంది, రోడ్డుమీద పోయే బస్సులకు స్వాగతం చెప్పడానికి మరుగుదొడ్డి నిలబడింది. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. “గంటలో ముహూర్తం! నా ఇంటిని వెనక్కి తిప్పి కూర్చోబెట్టావేంటయ్యా? లే, ఆ డబ్బా తీసుకుని బయల్దేరు!” అన్నాడు. నేను లేవలేకపోయాను. నిజంగానే ఏడుపు వచ్చింది. ఇల్లు పోయింది, దసరా పోయింది, మొలలు మిగిలాయి.

సరిగ్గా అప్పుడే నాయిన మోపెడ్ మీద వచ్చాడు. దారాలు కట్టే మేకులు తక్కువపడ్డాయని మేస్త్రీ పొద్దున్నే కబురంపాడట. ఎవరితోనైనా పంపవచ్చు, కానీ కొడుకు మొదటి ఇంటి ముగ్గు చూద్దామని దుకాణం మూసి ఆయనే వచ్చాడు. నా మొహం చూశాడు, తిరగబడ్డ ఇంటిని చూశాడు. తిట్టలేదు. మేకుల పొట్లం విప్పి, మేకులు మేస్త్రీ చేతిలో పోసి, ఆ కాగితాన్ని మోకాలి మీద సాపు చేశాడు. మేస్త్రీ చెవిమీది పెన్సిలు తీసి నాకిచ్చాడు.

“ఏడుసుడు ఆపు. నువ్వే గీసినవ్ గదా, నీకెరుకే ఉంటది. రోడ్డు ఏ దిక్కున్నది?”

“తూర్పు నాయినా.”

“గట్లయితే రోడ్డు దిక్కు కూసోని గీయి.”

గీశాను. గదులన్నీ, కొలతలన్నీ చేతిలోనే ఉన్నాయి. యంత్రంలో వెతుక్కోవలసిన అవసరమే లేదు. మేకులు గుచ్చుకున్న చిల్లుల మధ్యనుంచి ఇల్లు లేచింది. నాయిన ఆ కాగితాన్ని రోడ్డుకు ఎదురుగా నేలమీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాడు. పెద్దాయన వంగి చూసి అనుమానంగా అడిగాడు: “ఏవయ్యా, ఇదీ తిరుగుతుందా?”

“ఇది తిరగదు సార్,” అన్నాడు నాయిన.

పాత గీతలు చీపుళ్లతో ఊడ్చి, పదకొండుకు ఐదు నిమిషాలుందనగా కొత్త ముగ్గు పూర్తిచేశాం. తిరుగు ప్రయాణంలో మోపెడ్ వెనక కూర్చుని, “రేపు దుకాణానికి రావాల్నా?” అని అడిగాను. “ఎందుకు? ముగ్గు పోయించినవ్ గదా,” అన్నాడు. మలుపు దాటాక, “రెండుసార్లు పోయించినవ్,” అన్నాడు. ఆయన వీపు నవ్వుతో కదలడం నాకు తెలుస్తూనే ఉంది. అంత దగ్గరగా నాయినను నేను మళ్లీ ఎప్పుడూ పట్టుకుని కూర్చోలేదు.

ఇప్పుడు నాయిన లేడు. ఆ డబ్బా అటక మీదుంది, దాని పెన్ను దారంతో సహా ఎక్కడో పోయింది. నిజంగానే దిక్కులు తెలిసిన ఫోను నా జేబులో ఉంటుంది. అయినా ఏ ఇంటికి ముగ్గు పోయించినా కాగితం పరిచి నాలుగు రాళ్లు పెడతాను, కొత్త ఇంజనీరు కుర్రాళ్లు వెనక నవ్వుకుంటారు. మొన్న ఆ దారిన పోతూ క్యాంపులో ఆగాను. పెద్దమ్మకు కళ్లు బాగా మందగించాయి. అయినా నా గొంతు గుర్తుపట్టి, గోడ తడుముకుంటూ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అక్కణ్నుంచి ఎప్పటిలాగే కేకేసింది.

“అబ్బాయ్, నేనిప్పుడు ఎక్కడున్నాను?”

నేను అలవాటుగా ముందు రోడ్డు వైపు తిరిగి, తూర్పు చూసుకుని, అప్పుడు చెప్పాను.

“వంటగదిలోనే ఉన్నావు పెద్దమ్మా.”