మీటరు మీద ఒక సెంటీమీటరు

“...అయినా ఆ ఒక్క సెంటీమీటరుతో ఏం ముంచుకొస్తుందండీ? మా ఫ్యాక్టరీలో మీటరు ఎత్తు నుంచి వందసార్లు పడేశాం. ఒక్కసారీ పేలలేదు.”

“చట్టంలో మీటరు మీద ఒక సెంటీమీటరు అని ఉంది వెండెల్. నీ ఫ్యాక్టరీ పేరు లేదు.”

“అరిజోనాలో ఇదే పిస్టల్‌ని ఎవరూ పడేసి చూడరు. హాయిగా కొనుక్కుంటున్నారు.”

“అక్కడివాళ్ళ చేతుల్లోంచి ఏవీ జారవేమో.”

వెండెల్ క్రౌజ్ పిస్టల్ తయారుచేసే కంపెనీ మనిషి. ఒడీలియా బోర్బా మా మనిషి. కాలిఫోర్నియాలో ఒక పిస్టల్ అమ్మాలంటే ముందు టులారీలోని మా ల్యాబ్ లాంటిచోట నెగ్గాలి. పక్క గదిలో ఒక్కోదానితో ఆరువందల తూటాలు కాల్చేది నేను. పడేసేది ఒడీలియా.

అంతకుముందు ఆమె పన్నెండేళ్ళు చీజ్ ఫ్యాక్టరీలో చేసింది. ఇంట్లో ఎవరికో తుపాకీ ప్రమాదం జరిగి ఈ పనికి వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. “అక్కడ చలి ఎక్కువ” అంటుంది ఆమె. ఇన్నేళ్ళలో ఒక్క తూటా కూడా కాల్చలేదు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆమె సంతకం పెట్టిన పరీక్ష ఒక్కటీ రద్దు కాలేదు.

ఒక రకానివి మూడు పిస్టళ్ళు. ఒక్కోదాన్ని ఆరు విధాలుగా పడేయాలి: నిటారుగా, తలకిందులుగా, పిడి మీద, మూతి మీద, పక్కకి, వెనక్కి. లోపల మందూ గుండూ ఉండవు, నిప్పు రాజేసే క్యాప్ మాత్రం ఉంటుంది. పిస్టల్‌ని దారంతో వేలాడగడతాం. దారం తెంపగానే అది కాంక్రీటు పలక మీద పడుతుంది. ఆమె క్యాప్ బయటికి తీసి భూతద్దంలో చూస్తుంది. కానీ పడిన చప్పుడుకే ఆమెకు తెలిసిపోతుంది. “సూది కదిలింది” అంటే, క్యాప్ మీద వెంట్రుకంత గీత ఉండి తీరుతుంది.

క్యాప్‌ని పొడిచి పేల్చే ఆ సూదికి అడ్డంగా గింజంత ఉక్కు ముక్క ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే తప్ప తప్పుకోదు. అలాంటివి వందలు విప్పి చూశాను. అయినా పిస్టల్ పడి, పేలకుండా ఊరుకున్న ప్రతిసారీ నా ఒళ్ళు జలదరిస్తుంది. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఎవరో రాసిన ఒక్క వాక్యం అంత చిన్న ముక్కై, అంత బరువుకి ఎదురు నిలబడుతుంది.

మధ్యాహ్నం మూడింటికి పద్దెనిమిది పడేయడాలూ అయిపోయాయి. ఒక్క క్యాప్ కూడా పేలలేదు. వెండెల్ అప్పుడే ఫోన్ తీశాడు. దుకాణాలన్నీ ఈమె సంతకం కోసం కాచుకుని ఉన్నాయి.

ఒడీలియా సంతకం పెట్టలేదు. పిస్టల్‌ని తలకిందులు చేసి స్కేలు ఆనించింది. ఎత్తు కొలవాల్సింది అన్నిటికన్నా కిందికి ఉన్న చోటి నుంచి. తలకిందులు చేసినప్పుడు, గురి చూసేందుకు గొట్టం చివర నిక్కి ఉండే ముక్కే అన్నిటికన్నా కిందికి వస్తుంది. ఈ రకానికి ఆ ముక్క పొడుగు. పడేసేటప్పుడు ఆమె గొట్టం నుంచి కొలిచింది.

“ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువ పడేశాను” అంది.

వెండెల్ లెక్కేసుకున్నాడు. “అంటే ఇంకా మీటరు పైనే ఉంది కదా. రెండు మిల్లీమీటర్లు పైన.”

“ఉంది.”

“ఆ సెంటీమీటరు పెట్టిందే ఇలాంటి పొరపాట్ల కోసమేమో, ఒడీలియా గారూ. మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ పేరు, దీనికోసం పోగొట్టుకుంటారా?”

ఆమె నావైపు చూసింది. చేతిలోని పిస్టల్‌ని పలక పక్కన మెల్లగా పెట్టి, స్కేలు తుడిచి జేబులో వేసుకుంది.

“ఈ పరీక్ష చెల్లదు. తప్పు నాదేనని రాస్తాను. కొత్తవి మూడు పంపించు.”