గ్రూపులో అడిగిన ప్రశ్న

కేంబ్రిడ్జ్‌లోని ఆ గోదాములో ధరణి పని ఒకటే: స్కూళ్లకు వెళ్లే కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం. కరీంనగర్ పిల్ల, నెమ్మదస్తురాలు, మూడేళ్లుగా ఎవరి జోలికీ పోలేదు. కొన్ని స్కూళ్లు ఉచితంగా దొరికే సిస్టమ్ కావాలనేవి. చలికాలం మొదట్లో మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది. ఇకమీదట ఎవరేది అడిగినా పెద్ద కంపెనీ సిస్టమే ఎక్కించాలి. ఉచిత సిస్టమ్ ఒక్క మెషీన్‌లో కనబడినా ఆ కంపెనీ ఇచ్చే తగ్గింపు పోతుంది.

ధరణి ఆ మెయిల్లో ఉన్నట్టే చేసింది. ఏదో స్కూలు ఫిర్యాదు చేసింది. వ్యాపారంలో పోటీని ఎవరైనా తొక్కేస్తున్నారా అని చూసే ప్రభుత్వ కార్యాలయం ఆమెకే రాసింది: శుక్రవారంలోగా మాట్లాడగలరా? ఒకే సిస్టమ్ ఎక్కించమన్న మెయిల్ ఏదైనా మీ దగ్గరుందా?

ఈ దేశంలోనే శాశ్వతంగా ఉండేందుకు ఆమె పెట్టుకునే పీఆర్ అప్లికేషన్‌కు కావలసిన ఎంప్లాయర్ లెటర్ మీద ఆ మేనేజర్, వికాస్, ఇంకా సంతకం పెట్టలేదు.

అద్దె గది నుంచి గోంగూర దాకా ఇక్కడి మనవాళ్లు ఏదైనా వాట్సాప్ గ్రూపులోనే అడుగుతారు. ధరణీ అదే చేసింది. "గవర్నమెంట్ వాళ్లు మా కంపెనీ గురించి అడుగుతున్నరు. మాట్లాడితే పీఆర్‌కి ప్రాబ్లమా?" ఆరువందల మంది గ్రూపు. అందులో వికాస్ కూడా ఉన్నాడని, తన ప్రశ్న కింద అతను పెట్టిన బొటనవేలి బొమ్మ చూశాకే తట్టింది.

లంచ్ నుంచి వచ్చేసరికి అతను ఆమె బల్ల దగ్గరే ఉన్నాడు.

"రామ్మా. ఊరందర్నీ అడిగే బదులు నన్నే అడగొచ్చుగా? అన్నలాంటోణ్ణి."

"ఊకెనే అడిగిన అన్నా..."

"ఆ మెయిల్ డిలీట్ చేసెయ్. లెటర్ సోమవారం సైన్ చేస్తా." నవ్వుతూనే అన్నాడు.

బాత్రూంలోకి వెళ్లి ఇంటి ఓనరు విశాలాక్షి గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"శుక్రవారం దాకా నీ నోరు నొక్కి సోమవారం సైన్ చేస్తాడా? పని అయ్యాక నీ మొహం చూస్తాడటే?" అందావిడ. "వాళ్లడిగారని తెలిసీ చెరిపేస్తే తప్పు నీదవుతుంది, పిచ్చిదానా!"

"భయమైతుంది ఆంటీ."

"అవదూ మరి."

సాయంత్రం బస్టాపులో ఆ మెయిల్‌ను ప్రభుత్వం వాళ్లకు పంపింది. ఫోను జేబులో పెట్టుకుందో లేదో, వికాస్ కారు పక్కన ఆగింది. అద్దం దిగింది.

"డిలీట్ చేశావా?"

"లేదన్నా. పంపించేసిన."

అద్దం మెల్లగా పైకి లేచింది. కారు మాత్రం కదల్లేదు. బస్సుకు ఇంకా పదకొండు నిమిషాలుంది.